ర్యామ్ ఉంది సరే, ఏ నోడ్‌లో ఉంది?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల సర్వర్ల మెమరీ గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలు గుట్టలు పడ్డాయి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి వచ్చినవి ఎక్కువ, అమీర్‌పేట కోచింగ్ బ్యాచ్ కూడా ఏమీ తగ్గలేదు. అన్నిటికీ చోటు లేదు కనుక న్యూమా (ఒక్కో ప్రాసెసర్‌కి కొంత ర్యామ్ దగ్గరగా, మిగతాది దూరంగా ఉండే అమరిక; ప్రాసెసర్, దాని దగ్గరి ర్యామ్ కలిపి ఒక నోడ్) చుట్టూ తిరిగేవి మాత్రం ఏరాను. పొడుగు ఉత్తరాలను కుదించాను, కంపెనీల పేర్లు కొట్టేశాను, తిట్లు కూడా.

ప్రశ్న: సర్, మాది రెండు సాకెట్ల సర్వర్, మొత్తం 256 జీబీ ర్యామ్. ఒక జావా సర్వీసు నడుస్తుంది, హీప్ (దాని డేటా ఉండే మెమరీ) 90 జీబీ. స్పీడ్ కోసమని మా సీనియర్ ఒకాయన న్యూమాసీటీఎల్‌తో (ప్రోగ్రామ్ ఏ నోడ్ వాడాలో చెప్పే కమాండ్) దాని సీపీయూలనూ మెమరీనీ నోడ్ 0కి కట్టేశారు. పోయిన వారం అర్ధరాత్రి ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌ని చంపే లైనక్స్ ఏర్పాటు) వచ్చి దాన్ని చంపేసింది. ఆ టైమ్‌లో మానిటరింగ్ చూస్తే 90 జీబీ దాకా ఖాళీగా ఉంది! స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పెట్టలేదు. ఇంత ఖాళీ ఉండగా ఎలా చచ్చిందని మేనేజర్ రోజూ అడుగుతున్నాడు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. డీమెసేజ్ (సిస్టమ్ లాగ్), మెమ్‌ఇన్ఫో (మెమరీ లెక్కలు) రెండూ జత చేశాను.
– మాదాపూర్ నుంచి ఒక సిస్టమ్ అడ్మిన్

జవాబు: హాయిగా నిద్రపోండి, కర్నల్ (లైనక్స్‌లో మెమరీని పంచే కీలక భాగం) మీరు చెప్పిన పనే చేసింది.

రెండు సాకెట్ల సర్వర్‌లో ర్యామ్ అంతా ఒకే కుప్పగా ఉండదు. ఒక్కో ప్రాసెసర్‌కి సొంత మెమరీ కంట్రోలర్, దానికి తగిలించిన సొంత ర్యామ్ ఉంటాయి. ఏఎండీ 2003లో ఆప్టెరాన్‌తో కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికి తెచ్చింది, ఇంటెల్ రెండు సాకెట్ల జియాన్‌లలోకి 2009లో నెహాలెం తరంతో వచ్చింది, ఆ తర్వాత ఆ రెండు కంపెనీల రెండు సాకెట్ల పెట్టెలన్నీ ఇదే దారి. హైదరాబాద్, సికింద్రాబాద్ అనుకోండి. పేరుకు జంట నగరాలే, ఎవరి బజారు వాళ్లకుంది, అవతలి ఊరి సరుకు కావాలంటే మాత్రం ట్యాంక్‌బండ్ దాటి రావాలి. దాటొచ్చు, ఎవరూ ఆపరు, కాకపోతే ఆలస్యం అవుతుంది, అందరూ ఒకేసారి బయల్దేరితే జామ్ కూడా అవుతుంది. మామూలు సర్వర్లలో సొంత నోడ్ మెమరీ అందడానికి సుమారు 80 నుంచి 100 నానోసెకన్లు పడితే అవతలి నోడ్‌కి దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. మీ సీనియర్ ఆ తేడాని తప్పించాలనుకున్నారు, ఆలోచన మంచిదే. కానీ ఆయన వాడిన మెమ్‌బైండ్ ఆప్షన్ ట్యాంక్‌బండ్ మీద గేటు వేసేస్తుంది. నోడ్ 0లో చోటు అయిపోతే కర్నల్ అక్కడి పేజీలనే (మెమరీ ముక్కలనే) ఖాళీ చేయడానికి చూస్తుంది, స్వాప్ ఉంటే అందులోకి తోస్తుంది, అదీ కుదరకపోతే చంపుతుంది. నోడ్ 1 మొత్తం ఖాళీగా ఉన్నా అటువైపు చూడదు. చూడొద్దని చెప్పింది మనమే కదా.

మీ డీమెసేజ్‌లోనే సాక్ష్యం ఉంది. ఓఓఎం-కిల్ అని మొదలయ్యే లైనులో కాన్‌స్ట్రెయింట్ దగ్గర 'మెమరీ పాలసీ' అని ఉంది, పక్కనే నోడ్‌మాస్క్ 0 అని ఉంది. మెషీన్ మొత్తం మీద ర్యామ్ అయిపోయి ఉంటే అక్కడ 'నన్' అని ఉండేది. కంటెయినర్‌కి సీపీయూసెట్ ద్వారా నోడ్ కేటాయించి ఉంటే 'సీపీయూసెట్' అని ఉండేది. ఓఓఎం అనగానే అందరూ ఏ ప్రాసెస్ చచ్చింది, అది ఎంత ర్యామ్ తింది అని వెతుకుతారు, ఈ ఒక్క పదం మాత్రం చదవరు. ముందు చదవాల్సింది ఇదే.

సరే, హీప్ 90, నోడ్ 128, మరి ఎలా నిండింది? మీ మెమ్‌ఇన్ఫో చూడండి. హ్యూజ్‌పేజెస్ (ముందే పక్కన పెట్టే పెద్ద పేజీలు) టోటల్ దగ్గర 32768, ఫ్రీ దగ్గర కూడా 32768. ఒక్కోటి 2 ఎంబీ అంటే మొత్తం 64 జీబీ. ఎప్పుడో ఈ మెషీన్ మీద డేటాబేస్ ఏదో ఉండి ఉంటుంది, దాని కోసం సిస్‌సీటీఎల్‌లో (కర్నల్ సెట్టింగుల్లో) రాసిన లైను ఎవరూ తీయలేదు. ఆ సంఖ్యని ఊరికే అలా ఇస్తే కర్నల్ అన్ని నోడ్ల మీదా సమానంగా పంచుతుంది, అంటే నోడ్ 0 నుంచి 32 జీబీ పోయింది. పక్కన పెట్టేసిన హ్యూజ్ పేజీలను మామూలు ప్రాసెస్‌కి ఇవ్వరు, చివరికి ఓఓఎం వచ్చినా ఇవ్వరు. మిగిలింది 96. అందులో హీప్ 90, ఆ పైన మెటాస్పేస్, థ్రెడ్ల స్టాకులు, డైరెక్ట్ బఫర్లు, గార్బేజ్ కలెక్టర్ సొంత లెక్కలు, దీనికి తోడు ఏ కట్టుబాటూ లేకుండా నోడ్ 0 మీదే తిరుగుతున్న మీ మానిటరింగ్ ఏజెంట్లు. అయిపోయింది. మీకు కనిపించిన 90 జీబీ ఖాళీ అంతా నోడ్ 1లోది.

చేయాల్సింది: వాడని హ్యూజ్ పేజీలను సున్నా చేయండి. మెమ్‌బైండ్ తీసేసి ప్రిఫర్డ్ పెట్టండి. సీపీయూని కట్టడం అలాగే ఉంచుకోవచ్చు. ప్రిఫర్డ్ అంటే నోడ్ 0లో దొరికినంత వరకు అక్కడే, దొరక్కపోతే అవతలి నుంచి. కాస్త నెమ్మదించినా సర్వీసు బతికే ఉంటుంది. నా మట్టుకు నేను మెమ్‌బైండ్‌ని కొలతలు తీసేటప్పుడే వాడతాను, ప్రొడక్షన్‌లో పెట్టాలంటే ఎందుకో గట్టి కారణం చెప్పమంటాను. ఇంకొకటి, మీ మానిటరింగ్‌లో మొత్తం ఖాళీ ర్యామ్ గ్రాఫ్ ఒక్కటే ఉంది. సిస్ డైరెక్టరీ కింద డివైసెస్, సిస్టమ్, నోడ్ దాకా వెళ్తే నోడ్0, నోడ్1 అని ఫోల్డర్లు ఉంటాయి, ఒక్కోదానిలో దాని సొంత మెమ్‌ఇన్ఫో ఫైలు ఉంటుంది. అలర్ట్ పెట్టాల్సింది ఆ అంకెల మీద.

ప్రశ్న: అన్నా, నోడ్, జోన్ ఒకటేనా? ఇంటర్వ్యూలో అడిగారు, ఒకటే అన్నాను, వాళ్లు నవ్వారు.
– అమీర్‌పేట నుంచి ఒక విద్యార్థి

జవాబు: నవ్వాల్సినంత తప్పేం కాదు తమ్ముడూ, పోనీ. నోడ్ అంటే ర్యామ్ ఏ ప్రాసెసర్‌కి దగ్గర అన్న విభజన. జోన్ అంటే ఆ ర్యామ్ అడ్రసు ఏ హద్దులో ఉంది, దాన్ని దేనికి వాడొచ్చు అన్న విభజన. నోడ్ లోపల జోన్లు ఉంటాయి. ఎక్స్86లో మొదటి 16 ఎంబీ డీఎంఏ జోన్, అక్కడి నుంచి 4 జీబీ దాకా డీఎంఏ32, ఆ పైన నార్మల్. పాత పరికరాలు పెద్ద అడ్రసులను అందుకోలేవు కనుక కింది జోన్లు పుట్టాయి. ఇవి మామూలుగా నోడ్ 0లోనే ఉంటాయి, నోడ్ 1లో నార్మల్ ఒక్కటే కనిపిస్తుంది. మూవబుల్ అని ఇంకో జోన్ ఉంది, అవసరమైతే పక్కకి జరపగలిగే పేజీలే అందులోకి వెళ్తాయి, నడుస్తున్న మెషీన్ నుంచి ర్యామ్ తీసే అవకాశం ఉండాలన్నది ఉద్దేశం.

ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న ఎలాగూ ఇదే అవుతుంది కనుక చెబుతున్నాను: నోడ్ 0 మీది ప్రాసెస్ పేజీ అడిగితే కర్నల్ ముందు నోడ్ 0 నార్మల్ చూస్తుంది, తర్వాత అదే నోడ్ డీఎంఏ32, డీఎంఏ, అవీ కుదరకపోతే నోడ్ 1 నార్మల్. ఈ వరసను జోన్‌లిస్ట్ అంటారు, బూట్ అప్పుడే నోడ్ల మధ్య దూరాలు చూసి కట్టి పెట్టుకుంటుంది. కింది జోన్లను మామూలు అవసరాలకి పూర్తిగా ఊడ్చేయకుండా కొంత రిజర్వు అడ్డం పెడుతుంది. ఇంకో సంగతి, ఖాళీ చేయడానికి పేజీలను వెతికే ఎల్ఆర్‌యూ (చాలాసేపుగా వాడని పేజీలను ముందు తీసే) జాబితాలు ఒకప్పుడు జోన్‌కి ఒకటి చొప్పున ఉండేవి, 2016లో 4.8 కర్నల్‌తో నోడ్‌కి మారాయి. కేస్వాప్‌డీ (వెనకాల పేజీలు ఖాళీ చేసే కర్నల్ థ్రెడ్) కూడా నోడ్‌కి ఒకటి, టాప్ కమాండ్‌లో కేస్వాప్‌డీ0, కేస్వాప్‌డీ1 అని కనిపించేది అందుకే. వాటిలో ఒకటే పరుగులు పెడుతూ రెండోది నిద్రపోతుంటే ఒక నోడ్ మీదే ఒత్తిడి ఉందని అర్థం. ఈ చివరి మాట చెప్పు, ఈసారి నవ్వరు.

ప్రశ్న: నేను ఎంటెక్ చదువుతున్నాను. ఏ అడ్రసు ఏ నోడ్‌దో కర్నల్‌కి అసలు ఎవరు చెబుతారు? క్లాసులో పేజ్ టేబుల్స్ దగ్గర మొదలుపెట్టారు, దానికి ముందు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. అలకేటరే (మెమరీని పంచి ఇచ్చేది) ఇంకా లేనప్పుడు అలకేటర్‌కి కావాల్సిన మెమరీ ఎక్కడి నుంచి వస్తుంది?
– గచ్చిబౌలి నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదేనమ్మా, అందుకే కొంచెం తీరిగ్గా చెబుతాను.

ఫర్మ్‌వేర్ (బయోస్ లాంటిది) రెండు వేర్వేరు కాగితాలు చేతిలో పెడుతుంది. మొదటిది మెమరీ మ్యాప్, ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసు దాకా వాడుకోదగ్గ ర్యామ్, ఏది రిజర్వు, ఏది పరికరాలది అని. అందులో నోడ్ల ఊసు ఉండదు. రెండోది ఏసీపీఐ (ఫర్మ్‌వేర్ హార్డ్‌వేర్ వివరాలు ఇచ్చే) టేబుళ్లలో ఉండే శ్రాట్, ఈ అడ్రసుల ముక్క ఈ ప్రాక్సిమిటీ డొమైన్‌ది, ఈ సీపీయూలు ఈ డొమైన్‌వి అని. స్లిట్ అనే ఇంకో టేబుల్ దూరాలు చెబుతుంది: తనకి తాను 10, పక్క సాకెట్ 20 లేదా 21 అన్నట్టు. అవి నానోసెకన్లు కావు, ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు వేసిన పోలిక అంకెలు మాత్రమే, 21 కనబడగానే రెండింతలు నెమ్మది అని లెక్క కట్టేయకండి.

కర్నల్ ఈ రెండు కాగితాలనూ మెమ్‌బ్లాక్ అనే చిన్న లెక్కల పుస్తకంలో కలుపుతుంది. అందులో ముఖ్యంగా రెండే జాబితాలు: ఉన్న మెమరీ, వాడేసిన మెమరీ. జాబితాలో ఒక్కో రీజియన్‌కి మొదలు, పొడవు, జెండాలు, నోడ్ నంబరు, అంతే. ఈ జాబితాలు మొదట కర్నల్ ఇమేజ్‌లోనే కట్టి పెట్టిన అరేలు, మామూలుగా 128 గళ్లు, చాలకపోతే రెట్టింపు చేసుకుంటుంది. అలకేటర్‌కి ముందు అలకేటర్ ఎవరన్న మీ ప్రశ్నకి జవాబు ఇదే, కంపైల్ టైమ్‌లోనే చోటు ఇచ్చేశారు. మొదట అన్ని రీజియన్లకీ నోడ్ నంబరు తెలియదు. శ్రాట్ చదివాక ఒక్కో ముక్కకీ నంబరు వేస్తుంది, నోడ్ హద్దు ఒక రీజియన్ మధ్యలో పడితే దాన్ని అక్కడ కోసి రెండు చేస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు రీజియన్లకి నోడూ జెండాలూ ఒకటే అయితే తిరిగి అతికిస్తుంది.

కాలేజీ ల్యాబ్‌లో రెండు సాకెట్ల మెషీన్ ఉంటే డీమెసేజ్‌లో శ్రాట్ అని వెతకండి. నోడ్ 0కి ఒకే లైను రాదు, ముక్కలుగా వస్తుంది: సున్నా నుంచి 640 కేబీ దాకా ఒకటి, 1 ఎంబీ నుంచి 2 జీబీ చుట్టుపక్కల దాకా ఒకటి, మళ్లీ 4 జీబీ దగ్గర మొదలై ఆ నోడ్ చివరి దాకా ఒకటి. మధ్యలో ఖాళీలు ఎందుకంటే 640 కేబీ పైన పాత పీసీ కాలం నాటి వీడియో, బయోస్ ప్రాంతాలున్నాయి, 4 జీబీ కింద పీసీఐ పరికరాలకి అడ్రసులు కావాలి. అక్కడ అడ్రసు పోయింది కానీ ర్యామ్ పోలేదు, దాన్ని 4 జీబీ పైకి ఎక్కిస్తారు. అందుకే ప్రాక్ డైరెక్టరీలోని జోన్‌ఇన్ఫోలో స్పాన్డ్, ప్రెజెంట్, మేనేజ్డ్ అని మూడు అంకెలుంటాయి. స్పాన్డ్ అంటే ఖాళీలతో సహా మొదలు నుంచి చివర దాకా, ప్రెజెంట్ అంటే నిజంగా ఉన్న పేజీలు, మేనేజ్డ్ అంటే బూట్‌లోనే వాడేసినవి పోను బడ్డీ అలకేటర్ (బూట్ తర్వాత పేజీలు పంచేది) చేతికి వచ్చినవి. ఈ మూడింటి తేడా చూసి ర్యామ్ మాయమైందని కంగారుపడేవాళ్లు ఏటా తగులుతూనే ఉంటారు.

నోడ్లు తేలాక ఒక్కో నోడ్‌కి ఒక నోడ్ డేటా స్ట్రక్చర్ పుడుతుంది, వీలైనంత వరకు ఆ నోడ్ మెమరీలోనే. జోన్లు దానిలో ఉంటాయి. ఆ తర్వాత మెమ్‌బ్లాక్ తన దగ్గర మిగిలిందంతా బడ్డీకి అప్పగిస్తుంది, ఎక్స్86లో అయితే తన పుస్తకాన్ని కూడా పారేసి పక్కకి తప్పుకుంటుంది, ఆర్మ్64లో దాచుకుంటారు. బడ్డీ 4 కేబీ నుంచి రెట్టింపు చేసుకుంటూ 4 ఎంబీ దాకా ముక్కలు పెట్టుకుంటుంది, ప్రాక్‌లో బడ్డీఇన్ఫో తెరిస్తే నోడ్, జోన్ వారీగా ఏ సైజువి ఎన్ని ఉన్నాయో పదకొండు వరసల్లో కనిపిస్తుంది.

ఫర్మ్‌వేర్ తప్పు రాస్తే? రాస్తుంది, అందుకే కర్నల్ గుడ్డిగా నమ్మదు. రెండు నోడ్ల ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే ఎక్స్86 కర్నల్ ఆ టేబుల్ మొత్తాన్నీ పక్కన పెట్టి అంతా ఒకే నోడ్ అనుకుని నడిపిస్తుంది. మెషీన్ బూట్ అవుతుంది, రెండు సాకెట్లు ఉన్నా నోడ్ ఒకటే కనిపిస్తుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ డీమెసేజ్‌లో 'ఫేకింగ్ ఎ నోడ్' అని ఉంది. ఎవరైనా హ్యాక్ చేశారా?
– దిల్‌సుఖ్‌నగర్ నుంచి

జవాబు: లేదండి. మీ ల్యాప్‌టాప్‌లో న్యూమా సమాచారం లేదు, కర్నల్ కోడ్ మొత్తం కనీసం ఒక నోడ్ ఉంటుందన్న లెక్కతో రాసింది, అందుకని ఉన్న ర్యామ్ అంతా కలిపి ఒక నోడ్ అనుకుంది. దాని పై లైను చూడండి, 'నో న్యూమా కాన్ఫిగరేషన్ ఫౌండ్' అని ఉంటుంది.

ప్రశ్న: నమస్తే. 32 కోర్ల రెండు సాకెట్ల మెషీన్ మీద సీ++ సిమ్యులేషన్ రాశాను. 16 థ్రెడ్ల దాకా బాగానే వేగం పెరుగుతుంది, 32 పెడితే దాదాపు అక్కడే ఆగిపోతుంది. లాక్‌లు లేవు, డేటా పంచుకోవడం కూడా లేదు, ఒక్కో థ్రెడ్ అరేలో తన ముక్క తాను చూసుకుంటుంది. అరేని మెయిన్‌లో మాలాక్ చేసి మెమ్‌సెట్‌తో సున్నా చేస్తాను.
– నానక్‌రాంగూడ నుంచి ఒక డెవలపర్

జవాబు: చివరి వాక్యంలో దొంగ దొరికాడు. మాలాక్ పిలిచినప్పుడు ర్యామ్ ఇవ్వరు, అడ్రసులు మాత్రం రాసిస్తారు. ఆ పేజీని మొదటిసారి ఎవరు రాస్తారో అప్పుడు పేజ్ ఫాల్ట్ వస్తుంది, రాసిన థ్రెడ్ ఏ నోడ్ మీద ఉంటే ఆ నోడ్ నుంచే పేజీ వస్తుంది. దీన్ని ఫస్ట్ టచ్ అంటారు. మీ మెమ్‌సెట్ మెయిన్ థ్రెడ్‌లో నడిచింది, అది నోడ్ 0 మీద ఉంది, కాబట్టి అరే మొత్తం నోడ్ 0లో పడింది. ఇప్పుడు రెండో సాకెట్ మీది 16 థ్రెడ్లూ ప్రతి క్యాష్ మిస్‌కీ ఇటువైపే పరుగెత్తాలి. ఆలస్యం ఒక ఎత్తు, నోడ్ 0 మెమరీ చానెళ్ల మీద 32 కోర్లూ పడి నోడ్ 1 చానెళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం ఇంకో ఎత్తు. మీ ప్రోగ్రామ్‌లో ఎక్కువ దెబ్బ ఈ రెండోదే అని నా అనుమానం.

మందు తేలికే. మెమ్‌సెట్ తీసేసి, ఏ థ్రెడ్ ఏ ముక్క మీద పని చేస్తుందో ఆ థ్రెడ్‌తోనే ఆ ముక్కను సున్నా చేయించండి. ఓపెన్‌ఎంపీ (లూప్ పనిని థ్రెడ్లకి పంచే పద్ధతి) అయితే సున్నా చేసే లూప్‌కీ అసలు లూప్‌కీ ఒకే స్టాటిక్ షెడ్యూల్ ఇవ్వండి, థ్రెడ్లు సాకెట్లు మారకుండా కోర్లకి కట్టండి. ఇవి రెండూ కలిపి చేయాలి, ఒకటి చేసి రెండోది వదిలేస్తే షెడ్యూలర్ థ్రెడ్‌ని అవతలికి పంపిన రోజున మళ్లీ మొదటికే వస్తారు.

రెండు చోట్ల జాగ్రత్త. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు ఆన్‌లో ఉంటే ముట్టుకున్నది ఒక్క బైటైనా 2 ఎంబీ ముక్క మొత్తం ఆ నోడ్‌కి వెళ్లొచ్చు, అందుకని థ్రెడ్ల హద్దులు 2 ఎంబీకి సరిపోయేలా చూసుకుంటే మంచిది. అలాగే ఫ్రీ చేసిన మెమరీని జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మాలాక్‌కి ఇవ్వొచ్చు, అప్పుడు పేజీలు ఇదివరకు ఎక్కడ పడ్డాయో అక్కడే ఉంటాయి, మీరు కొత్తగా ముట్టుకున్నా లాభం లేదు. నిజంగా ఎక్కడ పడ్డాయో చూడాలంటే ప్రాక్‌లో ఆ ప్రాసెస్ నంబరు కింద న్యూమా_మ్యాప్స్ అనే ఫైలు ఉంటుంది, ఒక్కో మ్యాపింగ్ పక్కన ఎన్0, ఎన్1 అని పేజీల లెక్క రాసి ఉంటుంది. మార్పుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి. పడిపోయిన పేజీలను జరపడానికి మూవ్_పేజెస్ సిస్టమ్ కాల్ ఉంది, కానీ మొదటే సరిగ్గా ముట్టుకుంటే దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ప్రశ్న: న్యూమాస్టాట్‌లో (నోడ్ల వారీగా మెమరీ లెక్కలు చూపే కమాండ్) న్యూమా హిట్ కోట్లలో ఉంది, మిస్ సున్నా. అంటే అంతా లోకల్‌గానే ఉందని రిపోర్టు రాసేయొచ్చా మేడమ్?
– ఉప్పల్ నుంచి

జవాబు: మేడమ్ కాదు, సర్. రిపోర్టు మాత్రం ఆపండి. హిట్ అంటే అడిగిన నోడ్‌లోనే దొరికింది అని. అడిగిన నోడ్ దగ్గరిదా దూరమా అన్నది దానికి పట్టదు. ప్రాసెస్‌ని నోడ్ 0 మీద నడుపుతూ మెమరీని నోడ్ 1కి కట్టారనుకోండి, ప్రతి పేజీ అవతలిదే, అయినా ప్రతిదీ హిట్టే. మీకు కావాల్సినవి కింద ఉన్న లోకల్ నోడ్, అదర్ నోడ్ వరసలు. మిస్, ఫారిన్ జంటగా పెరుగుతాయి: నోడ్ 0 కోసం అడిగిన పేజీ నోడ్ 1 నుంచి వస్తే నోడ్ 1లో మిస్, నోడ్ 0లో ఫారిన్. ఇవన్నీ బూట్ నుంచి కూడుకుంటూ వచ్చే లెక్కలు కాబట్టి లోడ్ మీదున్నప్పుడు రెండుసార్లు తీసి తేడా చూడండి. ఇంకా ముఖ్యంగా, ఇవి పేజీ ఇచ్చిన క్షణం లెక్కలు. పేజీ ఇచ్చాక థ్రెడ్ అవతలి సాకెట్‌కి వెళ్లిపోతే ఇక్కడ ఏమీ మారదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో రెండు సాకెట్ల సర్వర్ కొన్నాను. ఎనిమిది ర్యామ్ స్టిక్కులు నేనే పెట్టాను, చేతికి అందేవైపు వరసగా. పని చేస్తోంది కానీ న్యూమాసీటీఎల్‌లో నోడ్ 1 సైజు 0 ఎంబీ అంటోంది. రెండో ప్రాసెసర్ పోయిందా?
– సికింద్రాబాద్ నుంచి

జవాబు: ప్రాసెసర్ బాగానే ఉంది, దానికి ర్యామ్ లేదు, అంతే. ఎనిమిదీ మొదటి సాకెట్ స్లాట్లలో పెట్టేశారు. కర్నల్ ఇలాంటి మెమరీ లేని నోడ్‌తో కూడా బతుకుతుంది, ఆ కోర్లు అడిగిన ప్రతి పేజీ నోడ్ 0 నుంచి తెస్తుంది. పవర్ తీసి, మూత లోపల అతికించిన బొమ్మలో స్లాట్ల వరస చూసి నాలుగు ఇటు, నాలుగు అటు పెట్టండి. ఒక్కో సాకెట్‌లో కూడా ఒకే చానెల్‌లో కుక్కకుండా చానెల్‌కి ఒకటి చొప్పున.

ఇదే ప్రశ్నకి తిరగేసిన రూపం కూడా ఒక ఉత్తరంలో ఉంది, సాకెట్ ఒకటే కానీ నోడ్లు నాలుగు కనిపిస్తున్నాయని. అది ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్ అయి ఉంటుంది. బయోస్‌లో ఎన్‌పీఎస్ అని ఉంటుంది, 1 పెడితే సాకెట్‌కి ఒక నోడ్, 4 పెడితే నాలుగు. సీపీయూలు లేకుండా మెమరీ ఒక్కటే ఉన్న నోడ్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి, సీఎక్స్ఎల్ (అదనపు ర్యామ్ తగిలించే) కార్డు మీది ర్యామ్ కర్నల్‌కి అలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: మా డేటాబేస్ సర్వర్‌లో న్యూమా బ్యాలెన్సింగ్ ఆపేయమని ఒకరు, ఆపొద్దని ఒకరు. ఎవరి మాట వినాలి? మా దగ్గర ఇంకో వింత, ఫ్రీ మెమరీ ఉండగానే స్వాప్‌లోకి వెళ్తోంది.
– బేగంపేట నుంచి ఒక డీబీఏ

జవాబు: ముందు వింత సంగతి. బఫర్ పూల్ (డేటాబేస్ తన డేటా దాచుకునే ర్యామ్) పెద్దది, ఒక థ్రెడ్ దాన్ని మొదట ముట్టుకుంటుంది, ఒక నోడ్ నిండిపోతుంది, ఆ నోడ్ మీద ఒత్తిడి పెరిగి అవతల చోటు ఉండగానే ఇవతల స్వాప్ మొదలవుతుంది. మైఎస్‌క్యూఎల్ వాళ్లని ఇది ఏళ్ల తరబడి ఏడిపించింది. మందు ఇంటర్లీవ్: పేజీలను నోడ్ల మధ్య వంతులవారీగా పంచడం. న్యూమాసీటీఎల్‌లో ఇంటర్లీవ్ ఆల్ అని ఇచ్చి సర్వీసు మొదలుపెట్టొచ్చు, మైఎస్‌క్యూఎల్‌లో అయితే ఇన్నోడీబీ న్యూమా ఇంటర్లీవ్ అని సొంత సెట్టింగే ఉంది. సగటున సగం పేజీలు దూరంగా ఉంటాయి, నిజమే. కానీ అన్ని కోర్ల మీదా తిరుగుతూ అందరూ పంచుకునే బఫర్ పూల్‌కి దగ్గర అనేదే లేదు కదా, రెండు వైపులా చానెళ్లు సమానంగా పనిచేయడం ముఖ్యం. దానితో పాటు సిస్‌సీటీఎల్‌లో జోన్ రీక్లెయిమ్ మోడ్ సున్నా ఉందో లేదో చూడండి. పాత కర్నళ్లు నోడ్ల మధ్య దూరం ఎక్కువని చూస్తే దాన్ని వాటంతట అవే ఆన్ చేసేవి, అప్పుడు అవతలికి వెళ్లే ముందు ఇవతలి పేజీ క్యాష్‌ని ఊడ్చేస్తాయి. 2014లో డిఫాల్ట్‌గా ఆపేశారు. అయినా ఎవరి స్క్రిప్టులోనో 1 అని మిగిలి ఉండొచ్చు.

ఇక బ్యాలెన్సింగ్. కర్నల్ అప్పుడప్పుడు ప్రాసెస్ పేజీల మీద అనుమతి తీసేసి ఎవరు ముట్టుకుంటారో కాపు కాస్తుంది, ముట్టగానే ఫాల్ట్ వస్తుంది, అదే నోడ్ నుంచి మళ్లీ మళ్లీ వస్తుంటే పేజీని అటు జరుపుతుంది లేదా థ్రెడ్‌నే పేజీల దగ్గరికి పంపుతుంది. 2013లో 3.8 కర్నల్‌తో పునాది పడింది, 3.13లో గట్టిపడింది. ఎవరూ చేత్తో ఏమీ కట్టని మామూలు సర్వర్‌కి ఇది మంచిదే, ఉండనివ్వండి. మీరు ఇంటర్లీవ్ పెట్టుకున్నాక మాత్రం ఆ కాపలా ఖర్చు మీకు పెద్దగా తిరిగి రాదు, ఆపేయొచ్చు. ఆపే ముందు, ఆపిన తర్వాత ఒకే లోడ్ మీద క్వెరీల టైమ్ తీసుకోండి. మీ ఆఫీసులో వాదించుకుంటున్న ఇద్దరిలో ఎవరైనా ఆ పని చేశారా అని అడిగితే గొడవ అక్కడే తేలిపోతుందేమో.

ప్రశ్న: ఇవన్నీ నేర్చుకోవాలని ఉంది సర్, నా దగ్గర 8 జీబీ ల్యాప్‌టాప్ తప్ప సర్వర్ లేదు.
– కూకట్‌పల్లి నుంచి

జవాబు: చాలు. కర్నల్‌కి బూట్ లైనులో న్యూమా=ఫేక్=2 అని ఇస్తే ఉన్న ర్యామ్‌నే రెండు నోడ్లుగా కోసి చూపిస్తుంది, కాకపోతే కొన్ని డిస్ట్రోల కర్నల్‌లో ఆ ఆప్షన్ కంపైల్ చేసి ఉండదు. అప్పుడు క్యూఎము (వర్చువల్ మెషీన్లు నడిపే ప్రోగ్రామ్) ఉంది: రెండు మెమరీ బ్యాకెండ్లు ఒక్కోటి 1 జీబీ, రెండు న్యూమా నోడ్లు, మధ్య దూరం 21 అని ఇచ్చి వర్చువల్ మెషీన్ లేపండి. లోపల శ్రాట్, స్లిట్ టేబుళ్లు నిజం మెషీన్‌లో లాగే వస్తాయి. పేజీలు ఎక్కడ పడతాయి, ఒక నోడ్ నిండితే ఏమవుతుంది, జోన్‌ఇన్ఫోలో అంకెలు ఎలా కదులుతాయి, అన్నీ చూడొచ్చు. వేగం కొలతలు మాత్రం తీయకండి, రెండు నోడ్లూ నిజానికి ఒకే ర్యామ్ స్టిక్కు మీద ఉంటాయి కనుక అక్కడ వచ్చే అంకెలకి అర్థం ఉండదు.